అమ్మాయి ఢిల్లీ అంటోంది, బాబాయి ఇక్కడే అంటున్నాడు

మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) సెకండియర్. ఎకనామిక్స్ ఆనర్స్ చెయ్యాలి, అదీ ఢిల్లీ యూనివర్సిటీలోనే చెయ్యాలి అని పట్టుబట్టి కూర్చుంది. మా మరిది గుంటూర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా కామర్స్ చెప్తున్నాడు, ఆయనేమో వద్దంటున్నాడు. ఇద్దరూ విడివిడిగా నా చెవిలో పోరు పెడుతుంటే, మావారు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తా కాబట్టి సీజన్లో ఆయనకి ఇవేవీ వినే తీరిక ఉండదు కాబట్టి, మొన్న ఆదివారం బ్రాడీపేటలో మా ఇంట్లోనే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నా ముందే తేల్చుకోండి అన్నాను. ఫోన్లో రికార్డు చేసుకున్నా, దాదాపు ఉన్నదున్నట్టే రాస్తున్నా. ఇంటర్ పిల్లలున్న ఇళ్ళల్లో ఇదే మాట నడుస్తోందని నాకు తెలుసు.

బాబాయి: ముందు ఒకటి చెప్పు తల్లీ, నీక్కావాల్సింది ఎకనామిక్సా, బిజినెస్సా? రెండూ ఒకటే అనుకుని ఫారాలు నింపేవాళ్ళని ఏటా చూస్తున్నా నేను.

అమ్మాయి: ఎకనామిక్సే బాబాయ్. రేపు ఎంబీఏ మీదకి మనసు పోయినా ఐఐఎంల ఎంట్రన్స్ క్యాట్ రాయడానికి ఏ డిగ్రీ అయినా సరిపోద్ది, యాభై శాతం మార్కులుంటే చాలు. దానికోసం బీబీఏ చెయ్యక్కర్లేదు.

బాబాయి: అది నిజమే. ఐఐఎం ఇండోర్ వాళ్ళు 2011 నుంచి ఇంటర్ అవ్వగానే చేరే ఐదేళ్ళ మేనేజ్‌మెంట్ కోర్సు పెట్టారుగా, అదీ వద్దా?

అమ్మాయి: ఐదేళ్ళకి కలిపి ముప్పై లక్షలు దాటుద్ది. నాన్నని అంత అడగను.

బాబాయి: సరే, ఎకనామిక్సే. మరి ఇక్కడేం తక్కువ? ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ, మన ఏసీ కాలేజీ, 1885 నాటిది, విజయవాడలో లయోలా 1953 నుంచీ ఉంది, రెండూళ్ళ మధ్యలో నాగార్జునా యూనివర్సిటీ. ఇక్కడ డిగ్రీ చదివినవాళ్ళు బ్యాంకుల్లో మేనేజర్లు అయ్యారు, గ్రూప్స్ కొట్టారు. ఇంట్లో అన్నం తిని, బస్సు పాసు మీద చదువుకుని, ఫీజు రీయింబర్స్‌మెంటుతో బయటపడ్డ పిల్లలే వాళ్ళంతా.

అమ్మాయి: కాలేజీలు మంచివి కావని నేనన్నానా? నేను సిలబస్‌లు డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టుకున్నా. ఢిల్లీలో ఆనర్స్‌కి మైక్రో, మ్యాక్రోతోపాటు మ్యాథమెటికల్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, డేటాతో లెక్కకట్టే ఎకనామెట్రిక్స్ అందరూ చదవాల్సిందే. అసలు సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీలో మ్యాథ్స్ పేపర్ రాయకపోతే ఆ కోర్సుకి అప్లై చేయనివ్వరు. ఇక్కడ బీఏ ఎకనామిక్స్‌లో మ్యాథ్స్ లేకుండా ఇంటర్ చేసినవాళ్ళూ చేరొచ్చు, అందుకని క్లాసులో ఒక డెరివేటివ్ వచ్చేసరికే ఆగిపోవాల్సొస్తది.

బాబాయి: చేరనివ్వడం తప్పంటావా? మ్యాథ్స్ లేని సీఈసీ చదివిన పల్లెటూరి పిల్లకి ఎకనామిక్స్ వద్దా? నా క్లాసులో అలాంటివాళ్ళే సగం మంది, వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పడానికే నేనున్నది.

అమ్మాయి: వాళ్ళకి వద్దనలేదు బాబాయ్, నాకు మ్యాథ్స్‌తో కావాలంటున్నా. ఎందుకో చెప్తా విను. నాన్న సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పకముందే మనందరం తుమ్ముతాం కదా, ఆ చొక్కా జేబులో చిన్న పుస్తకం ఉంటది, ఎవరివి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), తేజా రకం ఎంత, క్వింటా రేటెంత అని. చిన్నప్పట్నుంచీ అది చదువుతున్నా నేను. ఫిబ్రవరి మార్చిలో కాయ గుట్టలుగా వచ్చిపడినప్పుడు రేటు పడిపోద్ది, పడిపోద్దని రైతుకీ తెలుసు, అయినా అప్పుడే అమ్ముతాడు. ఎందుకంటే ఎరువుల కొట్లో బాకీ, కోత కూలీలు, కౌలు అన్నీ అప్పుడే కట్టాలి, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టుకుని నాలుగు నెలలు ఆగే ఓపిక లేదు. కొనేవాడు ఆగగలడు, అమ్మేవాడు ఆగలేడు. అది అందరూ చెప్తారు. ఆగితే ఎంత మిగులుద్ది, ఏసీ అద్దె, అప్పు మీద వడ్డీ పోను ఎంత, ఆగినా రేటు పెరగకపోవడానికి ఛాన్సెంత, ఇది లెక్క కట్టి చెప్పేవాళ్ళు కావాలి. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోయి రైతులు గోల చేస్తే కేంద్రం, రేటు పడినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. ఆ 11,781 ఎట్టా వచ్చింది? పన్నెండు వేలు ఎందుకు కాదు? నాకది తెలియాలి.

(ఇక్కడ మా మరిది కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. దీని తలలో ఇంత ఉందని నాకూ తెలీదు, ఆ పుస్తకం చదువుతోందనే తెలీదు.)

బాబాయి: బాగా అడిగావ్. కానీ తల్లీ, యార్డు ఇక్కడుంది. ఏసీలు ఇక్కడున్నాయ్. లాంలో వ్యవసాయ యూనివర్సిటీ ఉంది. మిర్చి గురించి తెలుసుకోడానికి మిర్చి పండని ఊరికి పోతానంటావేంటి?

అమ్మాయి: యార్డు ఎక్కడికీ పోదు కదా. లెక్క నేర్చుకుని ఇక్కడికే వస్తా.

బాబాయి: పోనీ ఇది విను. బీఏతో నీకు ఎకనామిస్టు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయాలన్నా ఎకనామిక్స్‌లో పీజీ ఉండాల్సిందే. అంటే ఎట్టా చూసినా అసలు చదువు పీజీయే. డిగ్రీ ఇక్కడ చేసి, డబ్బు దాచిపెట్టి, పీజీకి ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళు, 1949 నాటి సంస్థ, అమర్త్య సేన్ పాఠం చెప్పిన చోటు. అప్పటికి నీకూ ఇరవై ఒకటి వస్తాయ్. పద్దెనిమిదేళ్ళకి పరుగెందుకు?

(ఇది మాత్రం గట్టి పాయింటే అనిపించింది నాకు. ఖర్చు లెక్క చూసుకునే ఏ తల్లికైనా అట్టాగే అనిపిస్తది.)

అమ్మాయి: ఆ పీజీ సీటుకి నాతో పోటీ పడేదెవరు? మూడేళ్ళపాటు స్టాట్స్, ఎకనామెట్రిక్స్ రోజూ చేసినవాళ్ళు. నేనిక్కడ అవన్నీ ఇంట్లో కూర్చుని ఒక్కదాన్నే నేర్చుకోవాలి.

బాబాయి: కేంద్ర ప్రభుత్వం వెబ్‌సైట్ స్వయంలో వీడియోలున్నాయ్, ఫ్రీగా. నేనున్నాను.

అమ్మాయి: వీడియో నా తప్పు పట్టుకోదు బాబాయ్. ఇప్పుడు ఇంటర్‌లో నాకు మ్యాథ్స్ ఎందుకొచ్చిందో తెలుసా, పక్క బెంచీ పిల్ల నాకంటే ముందు చేసేసేది, ఉడుక్కుని కూర్చుని నేనూ చేసేదాన్ని. పక్కన కూర్చునేవాళ్ళెవరు అనేది కూడా చదువులో భాగమే. పైగా ఢిల్లీలో బాగా పేరున్న శ్రీరాం కాలేజే రావాలని లేదు, ఏ కాలేజీలో సీటొచ్చినా యూనివర్సిటీ సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే.

బాబాయి: సిలబస్ ఒకటే, హాస్టలు ఒకటి కాదు! అది చూశావా? చాలా కాలేజీల్లో ఆడపిల్లల హాస్టలే లేదు, ఉన్నచోట సీట్లు కొన్నే. నా స్టూడెంటు ఒకడు వెళ్ళాడు, మార్కుల్లో మా కాలేజీ మొత్తానికీ ఫస్టు వచ్చినోడు, హాస్టల్ రాలా, ముగ్గురు కలిసి ఒక గదిలో ఉన్నారు, కిటికీ కూడా లేదంట, హిందీ రాదు, నవంబర్లో ఆ పొగకి దగ్గు పట్టుకుంది, దీపావళికి ఇంటికొచ్చినోడు మళ్ళీ వెళ్ళలా. వాడికి తెలివి లేక కాదు. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చింది, పంపమని చెప్పింది మీరే కదా సార్ అని. అది నేను మర్చిపోలేను. ఇక్కణ్ణుంచి విజయవాడ పోయి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కినా ఒక రోజు పైన ప్రయాణం, నీకు జ్వరమొస్తే మీ అమ్మ ఎప్పటికి చేరుద్ది?

(ఆయన అసలు భయం ఇదీ అని నాకప్పుడు అర్థమైంది. సిలబస్ గొడవ కాదు.)

అమ్మాయి: ఆ అన్నకి అట్టా అయిందని నాకు తెలీదు బాబాయ్. అందుకే సీటొస్తే ముందు హాస్టల్ సంగతే చూస్తా, హాస్టల్ ఉన్న కాలేజీలే పైన పెడతా ప్రిఫరెన్సుల్లో. కాలేజీ ఫీజు వేలల్లోనే, ఖర్చంతా ఉండటానికీ తినడానికే. లోను కూడా చూశా, పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబర్లో పెట్టారు, హామీ లేకుండా ఇస్తారు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల దాకా అప్పు మీద, చదువు అయ్యి ఇంకో ఏడాది గడిచేదాకా, మూడు శాతం వడ్డీ ప్రభుత్వం కడుతుంది. కాలేజీ ఆ లిస్టులో ఉందో లేదో చూసుకోవాలి అంతే.

బాబాయి: అప్పు అప్పేనమ్మా. వడ్డీ తగ్గిద్ది, అసలు తగ్గదు.

అమ్మాయి: ఆ లక్షలు పోసి ఇక్కడే పెద్ద బిల్డింగులున్న చోట చేరమంటారు కొంతమంది, దానికంటే నయం కదా.

ఆ మాట మీద మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు. పోయిన నెల నేనూ మరిదీ దాన్ని తీసుకుని ఒక ప్రైవేటు యూనివర్సిటీ చూడ్డానికి వెళ్ళాం. అక్కడ స్క్రీను మీద హయ్యెస్ట్ ప్యాకేజీ అని పెద్ద అంకె వేశారు. మా మరిది లేచి, ఇది ఇంజనీరింగ్ పిల్లాడిదా, బీబీఏ పిల్లాడిదా, బీబీఏ వాళ్ళల్లో సరిగ్గా మధ్యలో ఉన్నవాడికి ఎంతొచ్చింది, అసలు రానివాళ్ళెంతమంది అని అడిగాడు. చెప్పాల్సినాయన మెయిల్ చేస్తామన్నాడు, ఇప్పటికీ రాలేదు. ఎక్కడికెళ్ళినా ఆ మూడు ప్రశ్నలూ అడగండి, కోర్సు పేరు చెప్పి మరీ అడగండి.

బాబాయి: మధ్యేమార్గం చెప్తా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, దానికీ సీయూఈటీయే, పీజీ కూడా అందులోనే అయిపోద్ది, హాస్టళ్ళు క్యాంపస్‌లోనే, రైలెక్కితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి మీ అమ్మ నీ దగ్గరుంటది.

అమ్మాయి: అది నా లిస్టులో రెండోది.

బాబాయి: మొదటిది చెయ్యి.

అమ్మాయి: చెయ్యను. హాస్టల్ దొరక్కపోతే మాత్రం అదే. ఇది రాసిస్తా కావాలంటే.

బాబాయి: రాతలెందుకులే. సీయూఈటీ మ్యాథ్స్ మోడల్ పేపర్ ఏదైనా తీయి. యాభై ప్రశ్నలు, గంట టైము, ఒప్పుకి ఐదు, తప్పుకి మైనస్ ఒకటి. ఇప్పుడే, నా ముందే రాయి. ఢిల్లీ అనే నోటితో ఎంతొస్తాయో చూద్దాం.

వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. అది ఫోను నా చేతికిచ్చి పెన్ను తీసుకుంది. నేను టీ పెడదామని వంటింట్లోకొచ్చా. ఓ పది నిమిషాలకి మా మరిది చప్పుడు కాకుండా లేచి వరండాలోకెళ్ళి, ఎవరికో ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఆ తిరిగొచ్చిన కుర్రాడికే. "అది కాదురా, ఆ క్యాంపస్ దగ్గర ఆడపిల్లలకి రూము అంటే నెలకెంత అవుద్ది, కిటికీ ఉన్నది..." అని అడుగుతున్నాడు.