పులికాట్‌కు పండగ కన్నా ముందు సముద్రం కావాలి

చలికాలం వచ్చిందంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కార్లు ఆగిపోతాయి. రెండువైపులా పులికాట్ సరస్సు, లోతు లేని ఆ నీళ్లలో ఫ్లెమింగోలు. తల కిందులుగా ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి నాచు, సన్నటి రొయ్యపురుగులు తింటుంటాయి. ఆ గులాబీ రంగు కూడా ఆ తిండి పెట్టిందే. ఫ్లెమింగో పండగ, ఫొటోలు సరే, ఆ తిండి ఎలా పుడుతోందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. కాళంగి, ఆరణి లాంటి నదులు మంచినీళ్లు తెస్తే, సముద్రపు పోటు ముఖద్వారాల గుండా ఉప్పునీళ్లు తెస్తుంది. ఈ రెండూ కలిసిన చోటే రొయ్య, పీత, చేప పెరుగుతాయి. వాటిని నమ్ముకునే అటు జాలర్లు, ఇటు పక్షులు. నదుల్లో ప్రవాహం తగ్గితే, తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక రాయదొరువు ముఖద్వారం దగ్గర మేట వేసి సముద్రపు నీళ్లకు అడ్డం పడుతుంది. ఇక వేసవిలో ఉత్తరాన సరస్సు చాలావరకు ఎండి బీటలు వారుతుంది.

దక్షిణపు కొసన, తమిళనాడు వైపు పళవేర్కాడులో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ బట్టలు ఇక్కడి నుంచే ఇండోనేషియా దీవులకు వెళ్లేవి. కోట శిథిలమైంది, చెక్కిన సమాధిరాళ్లు మిగిలాయి. వాటిని పురావస్తు శాఖ చూసుకుంటుంది, పక్షులను అటవీ శాఖ చూసుకుంటుంది. ముఖద్వారం మాత్రం ఎన్నికలప్పుడు గుర్తొస్తుంది!

పక్కనే ఉన్న నేలపట్టు 1976 నుంచి పక్షుల అభయారణ్యం. అక్కడి చెరువులో నీటిచెట్ల మీద గూడబాతులు పిల్లల్ని చేస్తాయి. రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలానికి బలమని ఊరివాళ్లు ఏనాడూ వాటి జోలికి పోలేదు. అంటే లాభం కళ్లకు కనిపించిన చోట కాపలా అక్కర్లేదన్నమాట. పులికాట్ జాలరికీ అదే లెక్క. వలలో చేప పడనప్పుడు అతనికి పక్షుల గురించి ఉపన్యాసాలు ఇస్తే ఏం లాభం?

చిలికాకూ ఇదే జబ్బు చేసింది. ఒడిశా 1991లో ప్రత్యేక సంస్థ పెట్టి, 2000లో కొత్త ముఖద్వారం తవ్వింది. చేపల దిగుబడి పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిలికా పేరు తీసేశారు. పులికాట్ రెండు రాష్ట్రాలది కాబట్టి పని కాస్త కష్టమే. ఒకసారి పూడిక తీసి ఫొటో దిగితే సరిపోదు, ఇసుక మళ్లీ వస్తుంది. ఏటా తీయడానికి బడ్జెట్, అడగడానికి ఒక ఆఫీసు, అందులో జాలర్లకు కుర్చీ ఉండాలి.