గైడు ముందే విప్పేసిన ముడి

హెచ్.జి. వెల్స్ 1897లో రాసిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' నవలలో ఆ కనిపించని మనిషి పేరు గ్రిఫిన్ అని పాఠకుడికి తెలిసేది 17వ అధ్యాయంలో. ఉన్నవి మొత్తం 28 అధ్యాయాలు, చివర ఒక చిన్న ఉపసంహారం. అంటే సగానికి పైగా కథ నడిచేదాకా అతనొక ఆగంతకుడు, తర్వాత అదృశ్య మానవుడు, కొన్నిచోట్ల వట్టి గొంతు మాత్రమే. పన్నెండో తరగతి పిల్లల కోసం అచ్చయిన గైడ్లు మాత్రం మొదటి పేజీలోనే అతని పేరు, చదువు, స్వభావం, చావు అన్నీ తేల్చేసేవి. నవలను తరగతిలో ఎలా పాడుచేస్తామో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

2010 దశకంలో సీబీఎస్ఈ కొన్నేళ్ళపాటు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇంగ్లిష్ సిలబస్‌లో పెద్ద పుస్తకాలు పెట్టింది. తొమ్మిదికి 'గలివర్స్ ట్రావెల్స్' లేదా 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్', పదికి యాన్ ఫ్రాంక్ డైరీ లేదా హెలెన్ కెల్లర్ ఆత్మకథ, పన్నెండుకు వెల్స్ నవల లేదా జార్జ్ ఎలియట్ 'సైలస్ మార్నర్'. నాన్ డీటెయిల్డ్ అంటే పలచటి సంక్షిప్త పుస్తకమని అలవాటుపడ్డ మాకు అది పెద్ద మార్పే. మా స్కూల్లో వెల్స్‌ను ఎంచుకున్నాం. సాహిత్య కారణాలేమీ లేవు, రెండింటిలో తేలిగ్గా చదివించేది అది. దశాబ్దం ముగిసే సరికి పన్నెండో తరగతి నుంచి నవల తొలగిపోయింది. స్టాఫ్ రూములో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. అబద్ధమెందుకు, నేనూ అనుకున్నాను.

ఎందుకంటే పాఠం చెప్పిన మొదటి ఏడాది నేను చెప్పింది నవల కాదు, నోట్సు. బోర్డు పరీక్షలో నవల మీద ఆరేసి మార్కుల ప్రశ్నలు రెండు వచ్చేవి. ఒకటి కథ గురించి, ఒకటి పాత్ర గురించి. ఒక్కోదానికి 120 నుంచి 150 మాటలు. గ్రిఫిన్, కెంప్, మార్వెల్, మిసెస్ హాల్ అని నాలుగు క్యారెక్టర్ స్కెచ్‌లు రాయించి కంఠతా పట్టిస్తే పని అయిపోయింది. మార్కులూ బాగానే వచ్చాయి. ఆ ఏడాది నా తరగతిలో పుస్తకం చివరిదాకా చదివినవాళ్ళు ఐదారుగురికి మించి ఉండరు.

మరుసటి ఏడాది సిగ్గేసి, మొదటి అధ్యాయం బిగ్గరగా చదివాను. ఫిబ్రవరి మొదట్లో, మంచు కురుస్తున్న రోజున, ఐపింగ్ అనే పల్లెలోని పూటకూళ్ళ ఇంటికి తలనుంచి కాళ్ళదాకా కప్పుకున్న మనిషి ఒకడు వస్తాడు. రెండు బంగారు నాణేలు బల్ల మీద పడేసి గది అడుగుతాడు. చలికాలంలో అతిథి దొరకడమే గొప్ప కనుక యజమానురాలు మిసెస్ హాల్ తానే పొయ్యి దగ్గరికి వెళుతుంది. భోజనం పట్టుకెళ్ళి పెట్టి వచ్చేసరికి వంటింట్లో గిన్నెలో చెంచా తిరుగుతున్న చప్పుడు. ఆవముద్ద! పనిపిల్ల మిల్లీ ఇంకా కలుపుతూనే ఉంది, తనేమో అది లేకుండానే వడ్డించేసింది. మిల్లీకి నాలుగు చీవాట్లు పెట్టి, మిగతాది తానే కలిపి, ట్రేలో పెట్టుకొని మళ్ళీ వెళుతుంది. తలుపు తడుతూనే లోపలికి అడుగు పెడుతుంది. అతను చటుక్కున కదులుతాడు. టోపీ, కోటు తీసేసి ఉన్నాయి. నోటికి తెల్ల గుడ్డ అడ్డం, నుదుటి నిండా కట్లు, మధ్యలో మెరిసే గులాబీ రంగు ముక్కు.

'ఆవముద్ద ఎందుకు మరిచిపోయింది?' అని అడిగాను. తరగతి నవ్వింది. ఇదేం ప్రశ్న, గైడులో లేదు కదా. వెనుక బెంచీలో అమ్మాయి ఒకతి నెమ్మదిగా అంది: 'మరిచిపోకపోతే రెండోసారి లోపలికి వెళ్ళదు కదా సార్.' అంతే. కథ అల్లడం అంటే ఏమిటో ఆ అమ్మాయికి అర్థమైపోయింది. ఇంకొకడు అందుకున్నాడు: 'ఆమెకు ఆవముద్ద ఒక వంక సార్. ఎలాగైనా లోపలికి వెళ్ళి చూడాలని.' మర్యాద పేరుతో ఆరా తీయడం మన పిల్లలకు ఎవరో నేర్పాలా? కొత్తగా అద్దెకు దిగినవాళ్ళ ఇంటికి కూర గిన్నె పట్టుకెళ్ళే పక్కింటి వాళ్ళను చూసే పెరిగారు.

ఇంగ్లిష్ కష్టం అనేది అందరూ చెప్పే అభ్యంతరం. నిజమే, ఐపింగ్ జనం మాట్లాడేది దక్షిణ ఇంగ్లండ్‌లోని ససెక్స్ యాస, వ్యాకరణం పుస్తకంలో దొరకదు. అయితే ఏడో అధ్యాయంలో మిసెస్ హాల్ అతన్ని నిలదీసే చోట చూడండి. బిల్లు ఎందుకు కట్టలేదు, ఖాళీగా ఉన్న గదిలోకి ఎటునుంచి వచ్చావు, పైన నా కుర్చీని ఏం చేశావు అని ఒక్క బిగిన అడుగుతుంది. అద్దె బాకీపడ్డవాడి మీద ఇంటావిడ గొంతు లేచినట్టే ఉంటుంది. అర్థం తెలుగులో ఒకసారి చెప్పి, తర్వాత ఇంగ్లిష్‌లో గొంతు మార్చి చదివితే యాస అడ్డు రాదు. కాసేపటికి అతను తన పెట్టుడు ముక్కు ఊడదీసి ఆమె చేతిలో పెడతాడు. ఆ పేజీకి నిఘంటువు అక్కర్లేదు. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట వినపడకూడదనే యాజమాన్యాలకు ఇది చెప్పి ఒప్పించడం మాత్రం వేరే యుద్ధం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది 19వ అధ్యాయం. గాజును పొడి చేస్తే తెల్లగా కనిపిస్తుంది, ఆ పొడిని నీళ్ళలో వేస్తే దాదాపు మాయమవుతుంది, రెండింటి వక్రీభవన గుణకాలు, అంటే కాంతిని ఎంత వంచుతాయో చెప్పే కొలతలు, దగ్గరగా ఉంటాయి కనుక అని గ్రిఫిన్ తన పాత సహాధ్యాయి కెంప్‌కు వివరిస్తాడు. అదే ఏడాది, అదే గదిలో, అదే పిల్లలు ఫిజిక్స్‌లో వక్రీభవనం లెక్కలు చేస్తున్నారు. రెండు పీరియడ్ల మధ్య గోడను ఎవరూ తట్టలేదు. నిజంగా పారదర్శకమైన మనిషికి చూపు ఉండదని, కాంతి ఆగకపోతే కంట్లో బొమ్మ పడదని రష్యన్ రచయిత పెరెల్మాన్ తన ఫిజిక్స్ పుస్తకంలో ఎప్పుడో రాశాడు. ఆ పుస్తకం తెలుగులో కూడా వచ్చింది. వెల్స్‌కూ ఆ ఇబ్బంది కొంత తట్టినట్టే ఉంది. పిల్లి మీద చేసిన ప్రయోగంలో దాని గోళ్ళు, కళ్ళ వెనుక పొర మాయం కాలేదంటాడు. మరి గ్రిఫిన్ కళ్ళ సంగతేమిటి? ఐఐటీ కోచింగ్ పిల్లలు ఈ ప్రశ్న మీద ఒక పీరియడ్ అంతా కొట్టుకున్నారు. వెల్స్ స్వయంగా బడిపంతులుగా పనిచేసినవాడు, జీవశాస్త్రానికి పాఠ్యపుస్తకం రాసినవాడు. ఆ గొడవ వింటే సంతోషించేవాడేమో.

సిలబస్‌లో నవల మళ్ళీ పెట్టండి అని నేను అడగడం లేదు. పాత ప్రశ్నలతోనే పెట్టేటట్టయితే వద్దు. పాత్ర స్వభావం వివరించమనే ప్రశ్న ఉన్నంతకాలం గైడే గెలుస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు సమాధానం నవలకు బయట ఎక్కడైనా దొరుకుతుంది. పుస్తకం చేతికిచ్చి పరీక్ష పెట్టండి. ఏడో అధ్యాయంలోంచి ఒక పేజీ చూపించి, ఈ క్షణాన పాఠకుడికి తెలిసినదేమిటి, మిసెస్ హాల్‌కు తెలియనిదేమిటి అని అడగండి. శీర్షికే గుట్టు విప్పేశాక కూడా ఆ పేజీ ఎందుకు నవ్విస్తుందో రాయమనండి. దిద్దడం కష్టమవుతుంది, నిజమే. వేల పేపర్లు కొన్ని రోజుల్లో దిద్దాల్సిన చోట, ముందే ఇచ్చిన పాయింట్లు చూసి మార్కు వేసే పద్ధతి ఎందుకు గెలుస్తుందో నాకు తెలుసు, నేనూ ఆ బల్లల దగ్గర కూర్చున్నవాణ్ణే.

మా లైబ్రరీలో ఆనాటి ప్రతులు ఇంకా ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. ఈమధ్య తీసి చూశాను. అన్నిటిలోనూ మొదటి మూడు నాలుగు అధ్యాయాల దాకా మాటల మీద పెన్సిల్‌తో చిన్న చిన్న తెలుగు అర్థాలు, ఆ తర్వాత తెల్లటి పేజీలు. ఒక్కదానిలో మాత్రం గీతలు ఉపసంహారం దాకా వెళ్ళాయి. అక్కడ ఊళ్ళు తిరిగే మార్వెల్ పూటకూళ్ళ ఇంటి యజమాని అయి ఉంటాడు. రాత్రి తలుపులు వేసుకొని, గ్రిఫిన్ రాసిపెట్టిన మూడు పుస్తకాలు బయటికి తీస్తాడు. కొన్ని పేజీలు నీళ్ళలో తడిసి చెరిగిపోయాయి. ఉన్నవి చదవాలని చూస్తాడు, ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ మాటల కింద పెన్సిల్ గట్టిగా రెండుసార్లు పడి ఉంది.