పాటతో పాటు పేరునూ పంచండి

పశ్చిమ ఆఫ్రికా పాత పాటలను వెతికి పంచేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఆ పాటలంటే ప్రాణమైన నాకు ఇది సంతోషం కలిగించవలసిన విషయమే. కానీ వాటికింద కనిపించే రాతలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ‘డెబ్బైల నాటి అరుదైన ఆఫ్రికన్ పాట, ఎవరు పాడారో తెలియదు’ అని ఒక వాక్యం రాసి, ముప్పై సెకన్ల ముక్క కోసి పెడతారు. అందులో మోగుతున్న గిటార్ గినీ దేశపు బెంబెయా జాజ్ బృందానికి చెందిన సెకూ దియాబాతేది అయినా సరే, ఆ పేరు వెతకడానికి పది నిమిషాలు వెచ్చించరు. ఇలా పంచడం వల్ల పాటకు మేలు జరగదనీ, ఒకసారి చెదిరిపోయిన చరిత్రను మనమే మరోసారి చెరిపినట్టవుతుందనీ నా నమ్మకం.

గినీనే ఉదాహరణగా తీసుకుంటాను. 1958 అక్టోబరు 2న ఫ్రాన్సు నుంచి స్వతంత్రం పొందాక, అధ్యక్షుడు సెకూ తూరే ప్రభుత్వం, యూరప్ నృత్యసంగీతాన్ని వాయించే పాత బృందాలను రద్దు చేసి, ఊరూరా కొత్త బృందాలను నిలబెట్టింది. వాద్యాలు కొనిచ్చింది, జాతీయ బృందాల కళాకారులకు జీతాలిచ్చింది, తరతరాలుగా వంశచరిత్రలు పాడుతూ వచ్చిన గ్రియోల గాథలనూ పల్లెపాటలనూ గిటార్లూ ట్రంపెట్ల మీదికి తెమ్మని కోరింది. 1961లో ఆగ్నేయాన అడవి ప్రాంతంలోని బేలా అనే చిన్న పట్టణంలో పుట్టిన బెంబెయా జాజ్, 1966 నాటికి జాతీయ బృందం హోదా పొందింది. ఈ సంగీతాన్ని డిస్కులుగా విడుదల చేయడానికి ‘సిలిఫోన్’ అనే ప్రభుత్వ సంస్థే ఏర్పడింది.

ఆ బృందం 1969లో చేసిన ‘రెగార్ సుర్ ల పాస్సే’ అన్న రచనను ఒక్కసారి పూర్తిగా వినండి. ఎల్పీ రికార్డు రెండు వైపులా ఒకే గాథ. ఫ్రెంచి సైన్యంతో ఏళ్ల తరబడి పోరాడి, 1898లో పట్టుబడి, 1900లో గాబన్ ప్రవాసంలో కన్నుమూసిన సమోరీ తూరే కథ అది. మన బుర్రకథలోలాగే వచనం నడుస్తూ నడుస్తూ పాటలోకి జారుతుంది, పాట తగ్గగానే మళ్లీ కథనం అందుకుంటుంది, వెనక గిటార్ ఎక్కడా తొందరపడకుండా దారి పట్టిస్తూ ఉంటుంది. ఇందులోంచి ముప్పై సెకన్లు కోసి, పేరు తీసేసి వినిపిస్తే మిగిలేది కాలు కదిపించే ఒక లయ మాత్రమే. సమోరీ పోతాడు, ఆయనను తమవాడిగా తలచుకున్న కొత్త దేశమూ పోతుంది.

ఈ పాటలు అరుదైనవి ఎందుకయ్యాయన్నదీ ఆ చరిత్రలో భాగమే. 1984 మార్చిలో సెకూ తూరే మరణించాడు, మరుసటి నెలలోనే సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1985లో విఫలమైన ఒక తిరుగుబాటు సమయంలో రాజధాని కొనాక్రీలోని రేడియో కేంద్రం దాడికి గురై, అక్కడి సంగీత భాండాగారం చాలావరకు నాశనమైంది. మిగిలిన టేపులున్నది ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే సముద్రతీర నగరంలో. ఆ తేమకు అయస్కాంత టేపు ఎన్నాళ్లు నిలుస్తుంది?

వాటిని కాపాడడానికి పూనుకున్నవాడు గ్రేమ్ కౌన్సెల్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు. బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో 2008లో మొదలుపెట్టి, దేశంలో రాజకీయ కల్లోలం వల్ల మధ్యలో ఆగి, 2013 నాటికి 9,410 పాటలను డిజిటల్ రూపంలోకి తెచ్చారు. వాటిలో అత్యధికం ఎన్నడూ డిస్కుగా రాని రేడియో రికార్డింగులు. ఈ పనిలో నేను చేతులెత్తి నమస్కరించేది కేటలాగుకే. బృందం పేరు, పాట పేరు, దొరికిన మేరకు తేదీ, ఇవన్నీ ఓపికగా నమోదు చేశారు కాబట్టే కొనాక్రీలో ఒక గాయకుడి మనవరాలు తన తాత పాటను ఇవాళ వెతుక్కోగలదు.

పేర్లు నిలిస్తే చేదు నిజాలూ నిలుస్తాయి, అవీ నిలవాలనే నేనంటాను. ఈ కళాకారులకు జీతమిచ్చిన ప్రభుత్వమే బోయిరో శిబిరంలో వేలమందిని బంధించింది. ఆఫ్రికా ఐక్యతా సంస్థకు తొలి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన దియాలో తెల్లీ 1977లో అక్కడే తిండీనీళ్లూ అందక చనిపోయాడు. అదే కాలంలో పాలక పార్టీని, సైన్యాన్ని కీర్తిస్తూ ఎంతో మధురమైన పాటలు వచ్చాయి. ఏ పాట ఎవరి కోసం, ఏ సంవత్సరంలో పాడారో తెలిసి వింటే ఆ మాధుర్యమూ, దాని వెనకున్న భయమూ రెండూ అందుతాయి. ‘అరుదైన ఆఫ్రికన్ పాట’ అన్న చీటీ ఈ రెండింటినీ దాచేస్తుంది.

అసలు పాట బయటికి రావడమే గొప్ప కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఘనాకు చెందిన అటా కాక్ 1994లో తెచ్చిన ‘ఒబా సీమా’ కేసెట్టు అప్పట్లో ఎవరికీ పట్టలేదు. బ్రయన్ షింకోవిట్జ్ అనే అమెరికన్ 2002లో కేప్ కోస్ట్‌లో దాన్ని కొని, 2006లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. కానీ ఆయన అక్కడితో ఊరుకోలేదు. ఏళ్లపాటు ఆ గాయకుడి కోసం వెతికి, కనుక్కుని, ఒప్పందం చేసుకుని, 2015లో అధికారికంగా విడుదల చేశాడు. ఆయన సంస్థ లాభాల్లో సగం కళాకారులకే ఇస్తుంది. నేను మెచ్చుకునేది ఈ కథలోని రెండో సగాన్ని. కళాకారుడి పేరే రాయకపోతే ఆయన్ని ఎవరు వెతకగలరు, ఎవరికి డబ్బు చెల్లించగలరు? మన రేడియో లలితగీతాలనూ కవి పేరు, స్వరకర్త పేరు లేకుండా ‘పాత రేడియో పాట’ అని పంచుతున్నవాళ్లకు కూడా ఇదే నా ప్రశ్న.

పెద్ద సంస్థలు చూసుకుంటాయిలే అనుకోవడానికి కూడా లేదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగినప్పుడు బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి స్తంభించిపోయాయి. అలాంటప్పుడు శ్రోతలు దాచుకున్న ప్రతులకు విలువ వస్తుంది, అయితే ఏది ఎవరిదో రాసి ఉంటేనే. మీ దగ్గర ఇలాంటి ఫైళ్లుంటే ముందు వాటికి బృందం పేరు, దేశం, సంవత్సరం చేర్చండి. తెలియకపోతే తెలిసినవారిని అడగండి. ఇప్పటికే పేరు లేకుండా పెట్టిన పోస్టులుంటే సరిదిద్దండి. గినీ పాటల విషయంలో నాకు తెలిసినంత మేరకు నేను సాయం చేస్తాను.