పిల్లిని రాత్రి బయటికి తోలమనే మెసేజ్‌కు జవాబు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా తెలుగు గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది: "పిల్లిని రాత్రి ఇంట్లో బంధించకండి, పాపం తగులుతుంది." కింద ఎనిమిది కారణాలు. చదువుకున్న స్నేహితులే చూడకుండా పంపుతున్నారు. అందులో ఒక కారణం మనిషి ప్రాణానికే ముప్పు తెచ్చేది కాకపోతే ఊరుకోవచ్చు. అది ఉంది కాబట్టి ఊరుకోలేం.

"రాత్రి ఇంట్లో పిల్లి తిరిగితే లక్ష్మి నిలవదు." దీనికి జవాబు అక్కర్లేదు.

"పిల్లి వెంట్రుక ఊపిరితిత్తుల్లోకి పోతే టీబీ వస్తుంది." వెంట్రుకతో టీబీ రాదు. పిల్లి పడనివాళ్లకు తుమ్ములు, ఆయాసం వచ్చేది దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్ వల్ల. అలాంటివాళ్లుంటే పడకగదిలోకి రానివ్వకండి, చాలు.

"పిల్లి నిశాచరం, కట్టడి చేస్తే పిచ్చెక్కుతుంది." పిల్లి నిజంగా చురుగ్గా ఉండేది మునిమాపు వేళ, మళ్లీ కోడికూత వేళ. రోజుకు పన్నెండు గంటలకు పైగా నిద్రపోయే జంతువు అది. కాబట్టి పొద్దుగూకకముందే లోపలికి తెచ్చి, ఆ హుషారు ఇంట్లోనే తీరేలా చూడాలి. తాడు చివర గుడ్డపేలిక కట్టి పది పదిహేను నిమిషాలు వేటాడించండి. చివర్లో దొరకనివ్వండి. వెంటనే ఆ రోజు తిండిలో పెద్ద వంతు పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: దాని వరుస అదే. మధ్యాహ్నం తర్వాత గిన్నె ఖాళీగా ఉండాలి, కడుపు నిండిన పిల్లి సాయంత్రం పిలిస్తే రాదు. మొదట్లో తెల్లవారుజామున తలుపు కాడ అరుస్తుంది. మూడు రోజులు ఓర్చుకొని నాలుగో రోజు తలుపు తీశారో, ఎక్కువసేపు అరిస్తే తీస్తారని నేర్చుకుంటుంది. తీయకపోతే ఒకటి రెండు వారాల్లో మానుతుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని మగపిల్లి మాత్రం అంత తేలిగ్గా మానదు, గోడలకు మూత్రం చిమ్ముతుంది. ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయించాలి. ఆ తర్వాత కూడా ఆ బుద్ధి తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది.

మన దగ్గర పిల్లి తప్పించుకునేది తలుపు నుంచి కాదు, కూలర్ పక్క సందు నుంచి. బయట స్టాండు మీద కూలర్ పెట్టి, దాని మూతికీ కిటికీ చట్రానికీ మధ్య ఖాళీలో అట్టముక్కలు, థర్మాకోల్ కుక్కుతాం. పిల్లి పంజాతో ఆ అట్టను లోపలికి లాగుతుంది, తల పట్టేంత సందు దొరికితే ఒళ్లంతా దూర్చేస్తుంది. అక్కడ ప్లైవుడ్ ముక్కను కొలిచి కోయించి స్క్రూలు బిగించండి. కిటికీకి నైలాన్ దోమతెర ఆగదు, గోళ్లకు చిరుగుతుంది. అంగుళం గళ్ల వెల్డ్ మెష్ (ఇనుప జాలీ) వేసి అంచుల మీద చెక్క పట్టీలు కొట్టాలి. కూనలుంటే అరంగుళం గళ్లది.

"రాత్రి వదలకపోతే ఎలుకలు పెరుగుతాయి." చిట్టెలుకల్ని పిల్లి పడుతుంది, నిజమే. పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. అయినా ఎలుకలున్నది మీ బియ్యం బస్తాల కాడ అయితే పిల్లిని వీధిలోకి ఎందుకు తోలుతున్నట్టు? బస్తాలను చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చి, చుట్టూ తిరగడానికి దారి వదిలి, రాత్రి దాన్ని ఆ గదిలోనే ఉంచండి. వీధిలో దానికి దొరికేది ఎవరో మందు పెట్టిన ఎలుక. బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న ఎలుక వెంటనే చావదు. రోజుల తరబడి నీరసంగా తిరిగి, పిల్లికి సులువుగా చిక్కుతుంది. అలాంటివి తిన్న పిల్లికి కొన్ని రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. విటమిన్ కే1 విరుగుడుగా ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. కానీ అది ఏం తిన్నదో మీకు తెలియకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? పత్తికి మందు కొట్టే రోజుల్లోనూ ఇదే గతి: తడి చేలో తిరిగొచ్చిన పిల్లి ఒంటికంటిన మందంతా నాకి మింగుతుంది.

"పిల్లి పులికి పినతల్లి, చిరుత దాన్ని ముట్టదు." మరాఠీవాళ్ల 'వాఘాచీ మావశీ' మాటను పట్టుకొచ్చి రాశారు. చిరుత చుట్టరికం చూడదు. చంద్రపూర్ థర్మల్ కేంద్రం, దుర్గాపూర్ గనుల చుట్టుపక్కలకు చిరుతలు వచ్చేది కుక్కల కోసం, పందుల కోసం. దారిలో పిల్లి దొరికితే దాన్నీ తింటాయి. పిల్లి ఇంకా రాలేదని టార్చి పట్టుకొని పొదల వెంట వెతికే మనిషి సంగతో? చిరుతలు రాని వార్డుల్లో పిల్లిని చంపే పని వీధికుక్కల గుంపు చేస్తుంది.

"ఎండాకాలం ఇంట్లో ఉడికి చస్తుంది." ఈ ఒక్కటి ఒప్పుకోవాలి. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది, పగలంతా కాగిన గోడలు రాత్రి చాలాసేపు సెగ కక్కుతాయి. గాలి ఆడని రేకుల గదిలో పిల్లిని వేసి గడియ పెట్టడం కంటే వదిలేయడమే నయం. అలాంటి ఇల్లయితే వరండాకు మెష్ కొట్టించేదాకా ఆగండి, ఈ అలవాటు వానాకాలంలో మొదలుపెట్టండి. నోరు తెరిచి రొప్పుతున్న పిల్లి ప్రమాదంలో ఉన్నట్టే: పాదాలు, పొట్ట మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాన్ గాలి తగిలించి, పశువుల దవాఖానకు తీసుకెళ్లాలి. ఐసు నీళ్లు వద్దు.

ఇక అసలుది. "రాత్రి పోట్లాడి గాయాలతో వస్తే పసుపు, సున్నం పెట్టండి. మనల్ని గీరినా అదే మందు. రేబిస్ కుక్కలకే ఉంటుంది, పెంపుడు పిల్లికి రాదు."

ఈ మూడు వాక్యాలు రాసినవారు ఒక్కసారి ఏ దవాఖానలోనైనా అడిగి ఉంటే బాగుండేది. పిచ్చికుక్క కరిచిన పిల్లికి రేబిస్ వస్తుంది, ఆ పిల్లి నుంచి మనిషికీ వస్తుంది. లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. పసుపుతో క్రిమి చావదు. సున్నం, కారం పుండును ఇంకా రేపుతాయి.

పిల్లి కరిచినా, గీరినా చేయాల్సింది ఇది. గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, చాలామంది నిమిషంలో ముగిస్తారు. తర్వాత క్రిముల్ని చంపే పోవిడోన్ అయోడిన్ మందు రాయాలి. గట్టిగా కట్టు కట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ దవాఖానకు పోవాలి. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో; కండకు ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 (0 అంటే మొదటి డోసు వేసిన రోజు). రక్తం కారితే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా వేయాలి, అడిగి వేయించుకోండి. రక్తం రాని గీరుడుకూ టీకా ఉంది, ఎందుకంటే పిల్లి తన పంజాలను నాక్కుంటూనే ఉంటుంది.

టీకా మొదలుపెట్టాక పిల్లిని పది రోజులు గమనించమంటారు. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతాడు. రాత్రికి రాత్రే మాయమయ్యే పిల్లిని ఎలా గమనిస్తారు? ఇంట్లో ఉండే పిల్లికీ ఊరు తిరిగే పిల్లికీ అక్కడే తేడా తెలుస్తుంది. పెంపుడు పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించాలి. టీకా ఉన్న పిల్లినైనా కుక్క కరిస్తే వెంటనే ఇంకో డోసు కావాలి.

పిల్లి గాయాలకూ పసుపు పనికిరాదు. ఇంకో పిల్లి కోర సూదిలా దిగుతుంది, పైన తోలు మూసుకుంటుంది, రెండు మూడు రోజుల్లో లోపల చీము పడుతుంది. జ్వరమని పారాసిటమాల్ మాత్రం ఇవ్వకండి. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, ఒక్క మాత్రతో చావొచ్చు.

"గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లిని రాత్రి బయటే ఉంచాలి." సరిగ్గా తలకిందులు. కడుపులోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లికి ఎక్కేది బయట పచ్చి ఎలుకల్ని, పిట్టల్ని తినడం వల్ల. ఇంట్లోనే ఉండి ఉడికించింది తినే పిల్లికి ఆ అవకాశం చాలా తక్కువ. దాని మలంలోని క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజూ తీసేయాలి, ఆ పని గర్భిణి కాక ఇంకొకరు చేయాలి. అడుగున్నర పొడవు టబ్బులో జల్లించిన ఇసుక మూడు అంగుళాలు పోసి, తిండిగిన్నెకు దూరంగా, మనుషులు తొక్కని మూల పెట్టండి. ఒక పిల్లి ఉంటే రెండు టబ్బులు. బల్లార్షా సామిల్లుల నుంచి టేకు పొట్టు తెచ్చి పోస్తుంటారు, ఆ సన్న ధూళికి పిల్లీ తుమ్ముతుంది, మీరూ తుమ్ముతారు. టబ్బును ఫినాయిల్‌తో కడగొద్దు, పారాసిటమాల్ లాగే అదీ దాని ఒంటికి విషం. బట్టల సబ్బు, వేడినీళ్లు, ఆపై ఎండ సరిపోతాయి.