కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోని ఇరవై బై పది అడుగుల ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి సముఖానికి, నిన్న మీ కింద మూడు గంటలు ఎండలో నిలబడ్డ ఫోటోగ్రాఫర్ నమస్కరించి రాసుకునే విన్నపం.

మీరు క్షేమమేనని తెలుసు. చుట్టూ సర్వీకట్టెలు, జానెడుకొక చోట బైండింగ్ వైరు, గాలికి చిరక్కుండా అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు. మీ మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు నా బిల్లు మీద పెట్టుంటే ఈ ఉత్తరం రాసే పని పడేది కాదు. ఆ కోతల్లో రెండు సరిగ్గా చీర అంచు మీదే పడ్డాయి. అమ్మేది చీరేనని కోసినాయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నిన్న పొద్దున నేను బేతంచెర్లలో ఉన్నాను. నాపరాయి పాలిష్ యూనిట్ వాళ్లకి క్యాటలాగ్ పని. నల్లరాయికి పాలిష్ పట్టినాక అది రాయి కాదు, అద్దం. ఎటు నిలబడినా నా బొజ్జ, నా స్టాండు, నా వెనకాల గోడకున్న మేకు అన్నీ అందులో కనబడతాయి. నల్ల దుప్పటి అడ్డం కట్టి, దానికో చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి లెన్సు దూర్చి, రాయిని రాయిలాగా కనిపించేట్టు చేసేసరికి ఫోన్ మోగింది. చీరల షాపు ఓనరు.

"అన్నా, యాడున్నావు? ఉన్నపళంగా రా. ఫ్లెక్సీ కట్టినారు, చూద్దువు."

మెచ్చుకోడానికే పిలుస్తున్నాడనుకున్నా. ఈ వృత్తిలో ఇన్నేళ్లుండీ అట్లా అనుకున్నానంటే తప్పు నాదే. రాళ్లవాళ్లని బతిమాలుకుని, సామాను బండికేసుకుని కర్నూలు వచ్చి పడ్డాను. ఒంటిగంట. ఓనరు లేడు. "పది నిమిషాల్లో వస్తాన్నా, ఫ్లెక్సీ కాడనే ఉండు" అన్నాడు. ఆయన పది నిమిషాలు నాలుగింటికి అయినాయి. అందుకని ప్రభూ, మిమ్మల్ని నేను చదివినంత వివరంగా ఈ ఊళ్లో ఇంకెవరూ చదివుండరు.

ముందు మీ మీదున్న నా ఫోటో పుట్టుక మీకు తెలియాలి. ధర్మవరం పట్టుచీర, చేతి వెడల్పు అంచు, పైటకొంగు నిండా జరీ. జరీకి ఎదురుగా లైటు కొడితే తెల్లగా కాలిపోతుంది. లైటు చాలకపోతే ఇత్తడి చెంబులా నల్లబడుతుంది. పక్కనుంచి, వాలుగా, మెత్తగా పడితేనే బంగారం. అట్లాంటి వెలుతురు ఓర్వకల్లు రాళ్ల మధ్య పొద్దు పొడిచాక ఇరవై నిమిషాలే దొరుకుతుంది. దానికోసం తెల్లారుజామున నాలుగింటికి లేచాం. రిఫ్లెక్టర్ పట్టుకున్న కుర్రోడు గాలికి దానితోపాటు ఎగిరిపోయేట్టున్నాడు. చీర కట్టుకున్న అమ్మాయి పాపం రాళ్ల మీద చెప్పుల్లేకుండా, పిన్నీసులు గుచ్చుకుంటున్నా నవ్వుతూనే నిలబడింది. నూట నలభై ఫోటోల్లో ఒక్కదాంట్లో కొంగు గాలికి లేచి, ప్రతి జరీ పోగూ విడివిడిగా వెలిగింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆ ఫోటోని పెద్దది చేసి మా ఆవిడకి చూపించాను. ఆమె నా ఫోటోలేవీ చూడదు. దీన్ని చూసింది. "చీర ఎంతంట?" అంది. అంతకన్నా మెప్పు ఏముంటుంది?

ఇప్పుడు మీ దగ్గరికొద్దాం. ఓర్వకల్లు రాళ్లు లేవు. వాటి బదులు ఏదో జలపాతం, జలపాతం పక్కన రాజమహలు. అమ్మాయి మొహానికి సున్నం కొట్టారు. పైటకొంగు మీద, సరిగ్గా జరీ వెలిగిన చోట, ఎర్రటి నక్షత్రంలో "బంపర్ ఆఫర్". అంచు మీద మూడు ఫోన్ నెంబర్లు. ఎడమ పక్క దండం పెడుతున్న ఓనరు, ఆయన ఇద్దరు పిల్లలు, ఆశీర్వదిస్తున్న నాయకుడు. ఇంతవరకూ నాకు బాధ లేదు, అలవాటే. కానీ పైన కుడి మూలన ఒక బంతిపువ్వు ఉంది. అక్కడ బంతిపువ్వుకేం పని అని కళ్లు చికిలించి చూస్తే, పువ్వు రెక్కల పక్కనుంచి తొంగి చూస్తోంది: బ్యాటరీ గుర్తు, 14 శాతం.

అప్పుడర్థమైంది. నేను పంపింది 45 మెగాపిక్సెళ్ల ఫైలు. అడ్డంగా 8256 చుక్కలు, అంటే పిక్సెళ్లు. డ్రైవ్ లింకు ఇచ్చి, "డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో డిజైనర్‌కి ఇవ్వండి, వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు" అని రాశాను, ఫోన్ చేసి చెప్పాను, వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. ఓనరు లింకు తెరిచి, ఫోన్ అడ్డం తిప్పి, స్క్రీన్‌షాట్ కొట్టి, దాన్ని వాట్సాప్‌లో పంపాడు. మామూలుగా పంపితే వాట్సాప్ ఏ ఫోటోనైనా 1600 చుక్కల దగ్గరికి నలిపేస్తుంది. ఇరవై అడుగులంటే 240 అంగుళాలు. నా ఫైలు వాడుంటే అంగుళానికి 34 చుక్కలు పడేవి. రోడ్డు అవతల నిలబడి చూసేదానికి అవి ధారాళం. ఇప్పుడు పడ్డవి ఆరో ఏడో. దగ్గరికెళ్లి చూడండి, ఒక్కో చుక్కా కందిబ్యాడంత. మా ఆవిడ ధర అడిగిన చీర ఇప్పుడు ఎండబెట్టిన కందిబ్యాళ్ల చాట.

నాలుగింటికి ఓనరు దిగాడు. మిమ్మల్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఏందన్నా ఇది, క్లారిటీనే ల్యాదు. లక్షలు పెట్టి కెమెరా కొన్న్యానంటివి గదా? మా పిల్లోడు ఫోన్లో తీసిందే ఇంతకన్నా నయం."

బ్యాటరీ గుర్తు చూపించాను. "అది మా డిజైనర్ పువ్వు పెట్టినాడులే" అన్నాడు. "సరే, బ్యాలెన్స్‌లో కొంచెం తగ్గించుకుందాం" అని కూడా అన్నాడు.

ఇక్కడితో "మీరు" అయిపోయింది. ఫ్లెక్సీ, ఇక విను.

నువ్వు రాకముందు మా సందు చివర బ్యానర్లు రాసే ఆర్టిస్టు ఒకాయన ఉండేవాడు. చిన్న ఫోటో ఇస్తే దాని మీద గళ్లు గీసి, గోడంత గుడ్డ మీద అవే గళ్లు పెద్దగా గీసి, కుంచె పట్టి మూడు రోజుల్లో మనిషిని నిలబెట్టేవాడు. ఆయన గళ్లలోంచి మొహం తీశాడు. నువ్వు మొహంలోంచి గళ్లు తీస్తున్నావు. ఆయన ఇప్పుడు ఇళ్లకి రంగులేస్తున్నాడు. చదరపు అడుగు పదో పన్నెండో రూపాయలకి, గంటలో దొరికే నీ ముందు ఎవరు నిలబడతారు?

ఇంజనీరింగ్ కాలేజీ బ్రోచర్లో నలుగురు పిల్లలు ఒకే పుస్తకం పట్టుకుని చెట్టు కింద పగలబడి నవ్వాలన్నారు, నవ్వించాను. హోటల్ మెనూకి బిర్యానీ ఫోటో తీయకముందే ముక్కలు తినేశారు, మళ్లీ వండించాను. క్రెడిట్ లైన్‌తోనే సరిపెట్టుకొమ్మన్న పత్రిక ఆ లైన్లోనూ నా పేరు తప్పేసింది. సోమవారం పేమెంట్ అన్నవాళ్లు ఏ సోమవారమో చెప్పలేదు. ఇవన్నీ మర్చిపోతాను. నిన్ను మాత్రం మర్చిపోలేను. ఎందుకంటే నేను వాటిని మర్చిపోడానికి టీకి బయటికొస్తే టీకొట్టు మీద కూడా నువ్వే ఉంటావు.

పోనీ ఫోటో నాదని కొట్లాడదామా అంటే, 1957 కాపీరైట్ చట్టం ఇంకో తిరకాసు పెట్టింది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు. "డబ్బిచ్చి" అన్న మాట దగ్గర నాకొక సందేహం ఉంది గానీ, దాన్ని కోర్టుకి తీసుకెళ్లడానికి కూడా ఆ డబ్బే కావాలి.

2022 ఆగస్టులో రాష్ట్రంలో నిన్ను నిషేధిస్తున్నామన్నారు. నేను స్వీట్లు తెచ్చాను. నవంబర్ 1 నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26కి జరిపారు. వాయిదాల్లో నువ్వు నా బ్యాలెన్స్‌కి స్వయానా తోబుట్టువు. జనవరి వచ్చింది, పోయింది. నువ్వు రాజ్‌విహార్‌లో గాలికి టపటపా కొట్టుకుంటున్నావు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రాత్రికి నిద్రపట్టదు.

పోయినేడు ఒక పత్రికకి ఉల్లి రైతుల ఫోటోల కోసం మార్కెట్ యార్డుకి వెళ్లాను. ధర పడిపోయి గడ్డలు కుప్పలుగా ఉన్నాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. ఒక పెద్దాయన పరిగెత్తి నిన్ను లాగి కుప్ప మీద కప్పాడు. ఏదో పుట్టినరోజు ఫ్లెక్సీ. కుప్ప పక్కనే ఒక కొస మా నెత్తిన పట్టుకుని, "రా సార్, కెమెరా తడుస్తాది. దీనికి నీళ్లు దిగవు" అన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. పైన ఎవరో నాయకుడి నవ్వు మీద చినుకులు డప్పు వాయిస్తున్నాయి. కింద నీ వెనకవైపు, అచ్చు పడని తెలుపు. నేల మీద నీళ్లకి తగిలి లేచిన వెలుతురు ఆ తెలుపుకి కొట్టుకుని పెద్దాయన మొహం మీదికి దిగింది. ఎంత మెత్తగా దిగిందంటే, గడ్డంలో ఒక్కో వెంట్రుకా, కంటి కింద ఒక్కో ముడతా లెక్కపెట్టొచ్చు. నా రిఫ్లెక్టర్ ఏనాడూ అట్లా పనిచేయలేదు. అప్పుడు తీసిన ఆ ఒక్క ఫోటోనే ఆ నెల పత్రికలో నిండు పేజీకి పడింది. పేరు అప్పుడు కూడా తప్పే వేశారనుకో.

కాబట్టి నాదొక మనవి. ఆషాఢం ఆఫర్ అయిపోయి నిన్ను దించేటప్పుడు ఓనరు ఎట్లాగూ నాకు బ్యాలెన్స్ ఇవ్వడు. దాని బదులు నిన్నివ్వమని అడగబోతున్నా. ఇరవై బై పది అంటే బేతంచెర్లలో ఒక రాయిని నిండా కమ్ముకోడానికి సరిగ్గా సరిపోతావు. రాళ్లవాళ్లు మళ్లీ రమ్మన్నారు.

బోర్లా కట్టుకుంటాను. నీ మొహం నాకు చూపించకు.

ఇట్లు,
నీ పైటకొంగు తీసినవాడు