సొంత చేత్తో ఆయిల్ మార్చుకునేవాళ్లను అరికట్టాలి

దేశంలో చాలా సమస్యలున్నాయి. వాటి మీద మాట్లాడేవాళ్లూ చాలామందే ఉన్నారు. ఎవరూ పట్టించుకోనిది ఒకటి మిగిలిపోయింది కాబట్టి దాని సంగతి నేను చూస్తున్నాను. చదువుకున్నవాళ్లు, ఒకటో తారీఖున ఠంచనుగా జీతం పడేవాళ్లు, పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూలుకి పంపేవాళ్లు కొందరు ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి అపార్ట్‌మెంటు సెల్లార్లో సొంత కారు కిందికి దూరుతున్నారు. దూరి, ఇంజన్ ఆయిలూ ఫిల్టరూ తామే మార్చుకుంటున్నారు. వాళ్లనెవరూ బలవంతపెట్టలేదు. అప్పులవాళ్లు తరమడం లేదు. తెలిసీ, ఇష్టపడీ చేస్తున్నారు. ఆందోళన కలిగిస్తున్నది అదే.

ఏదో సరదా అని వదిలేయడానికి లేదు. ఇవాళ ఆయిలు మార్చినవాడు రేపు ఎయిర్ ఫిల్టరు విప్పుతాడు. ఆ తర్వాత వైపర్ బ్లేడ్లు, కొళాయి వాషరు, మిక్సీ కార్బన్ బ్రష్షులు. చివరికి ఇన్సూరెన్సు పాలసీ అడుగున ఉండే చిన్నక్షరాలు చదవడం మొదలుపెడతాడు. ఇలాంటివాళ్లు వీధికొకరు తయారైతే ఎన్ని వ్యాపారాలు మూతపడాలి?

సర్వీసు సెంటరుకి బండి ఇచ్చే మర్యాదస్తుణ్ని చూసి నేర్చుకోవాలి. తాళాలు అప్పగించి ఏసీ గదిలో సోఫాలో కూర్చుంటాడు. మిషన్ టీ తాగుతాడు. గొంతు నొక్కేసిన టీవీలో ఎవరో పోట్లాడుకుంటుంటే చూస్తాడు. అద్దం అవతల తన బండిని ఎవరేం చేస్తున్నారో కనబడదు, కనబడినా అర్థం కాదు. ఆయిల్ మార్పిద్దామని వెళ్లిన మనిషి సాయంత్రానికి రెండు పేజీల బిల్లుతో తిరిగొస్తాడు. ఇంజన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ వాసన పోయే స్ప్రే, అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు, డ్యాష్‌బోర్డు పాలిష్, ఎలుకలు రాకుండా ఓ మందు. 'కన్స్యూమబుల్స్' అని ఇంకో వరుస, దానికెదురుగా మూడంకెల మొత్తం. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ. మనం వెళ్లిన పనికి సంబంధించిన ఆయిలూ ఫిల్టరూ ఎక్కడో మధ్యలో ఉంటాయి, వెతుక్కోవాలి. ఎలుకల మందు ఎందుకని అడిగిన ఘనుడొకడున్నాడు. "మీ ఏరియాలో ఎలుకలెక్కువ సార్" అని జవాబొచ్చిందట. మున్సిపాలిటీ దగ్గర కూడా లేని సమాచారం అది.

ఇక ఇంజన్‌లో ఆయిలు మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ ఘట్టం. సర్వీసు సెంటరు అడ్వైజర్ బానెట్ లేపి, డిప్‌స్టిక్ లాగి, తెల్లటి టిష్యూ మీద ఒత్తి, ఆ నల్లమరకను స్కానింగు రిపోర్టు పట్టుకున్న డాక్టరులా మన ముఖం ముందు పెట్టి, ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపుతాడు. అక్కడ మనం "మీరెలా అంటే అలా" అనాలి. సెల్లారు బాపతు మనిషి అనడు. "డీజిల్ బండి కదండీ, కొత్త ఆయిలు పోసిన రోజే నల్లబడుతుంది. మసి పేరుకోకుండా తనలో కలుపుకుని తిప్పడమే ఆయిల్లో కలిపే డిటర్జెంటు పని. మార్చాల్సింది రంగు చూసి కాదు, కిలోమీటర్లూ నెలలూ చూసి" అంటాడు. ఇంత తెలిసినవాడికి ఏం అమ్మగలం? ఆ అడ్వైజర్ కుర్రాడికి నెలకింత బిల్లు చేయాలని పైనుంచి టార్గెట్టు ఉంటుంది. వాడి ఇంక్రిమెంటు గురించి ఆలోచించేవాళ్లే లేరు.

ఈ నేరం జరిగే తీరును నేను దగ్గరుండి పరిశీలించాను. అధికారులకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. చదివి ఎవరూ ప్రయత్నించకూడదు.

నిందితుడు ముందు బండితోపాటు ఇచ్చిన మాన్యువల్ తెరుస్తాడు. ఇక్కడే అనుమానించాలి. షోరూములో ఇచ్చిన రోజు నుంచి ఆ పుస్తకాన్ని కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోవడం మన ఆచారం. ఏ గ్రేడు ఆయిలు, ఎన్ని లీటర్లు, ఎన్నాళ్లకోసారి అనేవి అందులోనే అచ్చేసి ఉంటాయి. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి మూడు, మూడున్నర లీటర్లు. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అనో 5డబ్ల్యూ-30 అనో ఉంటుంది. ముందున్నది చలిలో ఆయిలు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె, వెనకున్నది ఇంజన్ కాగాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే అంకె. రామగుండంలో చలి అంకెతో పనేమిటని నేను నిలదీశాను. పొద్దున్నే స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆయిలు పైదాకా ఎంత త్వరగా చేరుతుందన్నది అక్కడైనా ముఖ్యమేనన్నాడు. అన్నిటికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు.

తర్వాత ఇంజన్‌ని కాసేపు ఆన్ చేసి ఉంచుతాడు. కాస్త వెచ్చబడితే ఆయిలు పల్చబడి మడ్డితో సహా దిగుతుందని. మరీ కాగితే చేతులు బొబ్బలెక్కుతాయి కాబట్టి అంతదాకా రానివ్వడు. ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెడతాడు. స్టెప్నీ మార్చుకోమని డిక్కీలో ఇచ్చిన జాకీని నమ్ముకుని కిందికి దూరడు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు. ఆ జాకీ మీద నిలబెట్టిన బండి కింద తలపెట్టినవాడికి మళ్లీ ఆయిల్ మార్చుకునే అవసరం రాకపోవచ్చు.

ఇక ఇంజన్ కింద ఆయిలు నిలిచే చాంబర్ అడుగున, దాన్ని దించడానికి ఉండే డ్రెయిన్ నట్టు. పానాతో కదిలించి, చివరి చుట్లు వేళ్లతో తిప్పుతాడు. నట్టు వేళ్లలోంచి జారి కిందున్న టబ్బులో బుడుంగుమంటుంది, ఆయిలు మోచేతిదాకా కారుతుంది. ఎంత చేయి తిరిగినవాడికైనా ఇది తప్పదు. ఆ నట్టుకి రాగిదో అల్యూమినియందో పల్చటి వాషరొకటి ఉంటుంది, దాన్ని కొత్తది వేస్తాడు. బిగించేటప్పుడు కండబలం చూపించడు. చాంబర్ మరలు పోయాయంటే ఆదివారంతో తెమిలే పని కాదది.

ఫిల్టరు దగ్గర అతను చూపించిన శ్రద్ధకి నాకు ఒళ్లు మండింది. పాత ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందా లేదా అని టార్చి వేసి వెతికాడు. ఒక్కోసారి ఆ రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుందట. చూసుకోకుండా దానిమీదే కొత్తది బిగిస్తే రింగు మీద రింగు పడి, స్టార్టు చేయగానే ఆయిలంతా నేలపాలు. కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిలు రాసి, పానా ముట్టుకోకుండా చేత్తోనే తిప్పాడు. రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. గరాటు పెట్టి కొత్త ఆయిలు పోశాడు. ఇంజన్ ఆన్ చేసి, ఆపి, కాసేపు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి ముంచి తీశాడు. రెండు గీతల మధ్యకి వస్తేనే ఒప్పుకున్నాడు. "నాలుగు చుక్కలెక్కువుంటే ఏం పోయింది?" అన్నాను. "గీత దాటి పోస్తే ఇంజన్‌లో తిరిగే క్రాంకు చిలికి నురగ చేస్తుందండీ" అన్నాడు. సొంత బండి అన్న పక్షపాతం కొట్టొచ్చినట్టు కనబడింది. భోజనం వేళకి వరసలో ఉన్న బళ్లన్నీ దించాల్సిన షెడ్డు కుర్రాడికి ఇంత తీరిక ఎక్కడిది? అందరూ ఇలా మొదలుపెడితే పోలికలు వస్తాయి.

సమాజం మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు, అది ఊరట. కారు కిందినుంచి నిందితుడి కాళ్లు మాత్రమే బయటికి ఉన్న సమయంలో ముందుగా వాచ్‌మన్ వచ్చి, "మా బామ్మర్ది మెకానిక్కే సార్, పిలవమంటారా" అన్నాడు. పాల ప్యాకెట్లకి బయల్దేరిన ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ వంగి చూసి, "ఏం బాబూ, ఉద్యోగం అదీ బాగానే ఉందా?" అని పరామర్శించారు. గుడికి వెళ్తున్న పెద్దావిడ ఇంకేమీ అడగకుండా లిఫ్టెక్కి అతని భార్యకి కబురందించారు: "అమ్మాయ్, మీ ఆయన కింద పడున్నాడు." ఆ అమ్మాయి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక ఆమె అన్న మాటలు రాయను. ఆయిలు తుడవడానికి అతను వాడిన తువ్వాలు పాతది కాదని మాత్రం మాకందరికీ అర్థమైంది.

జిమ్ముకి డబ్బు కట్టి బరువులెత్తితే ఆరోగ్యం. చేతికి మడ్డి అంటిందంటే మాత్రం జీతం తగ్గిందేమోనని అనుమానం. మసి అంటే పని ఎవరు చేయాలో, దూరంగా నిలబడి పురమాయించేది ఎవరో మనవాళ్లు ఎప్పుడో పంచి పెట్టేశారు. ఆ పంపకాన్ని ఒక ఇంజనీరింగు పట్టభద్రుడు, అందులోనూ మెకానికల్, చెడగొట్టడం దారుణం. నాలుగేళ్లు ఇంజన్ల మీద పరీక్షలు రాసి, మార్కులు తెచ్చుకుని, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్‌కి ఎంపికైనవాడు మళ్లీ ఇంజన్ జోలికి వస్తే తల్లిదండ్రులు కట్టిన ఫీజులేమైనట్టు?

అమెరికాలో మనవాళ్లు ఇదే పని చేస్తే తప్పు లేదు. డాలస్ మేనల్లుడు గరాజ్‌లో ఆయిలు మార్చి ఫోటో పెడితే ఫ్యామిలీ గ్రూపు నిండా చప్పట్లు. "అక్కడ ఎవరి పని వాళ్లే చేసుకుంటార్రా, డిగ్నిటీ ఆఫ్ లేబర్" అని పెదనాన్నగారి వ్యాఖ్య. అదే పెదనాన్నగారు గుంటూరులో టైర్లలో గాలి చూడటానికి కూడా డ్రైవరు వచ్చేదాకా ఆగుతారు. తప్పేముంది? అక్కడ మనిషి గంట ఖరీదు, ఇక్కడ చవక. చవగ్గా దొరుకుతున్నప్పుడు వాడుకోకపోతే మనుషులు వృథా అయిపోతారు.

పల్లెల్లో ఈ జాడ్యం ఏనాటినుంచో ఉంది. ట్రాక్టరుకి కిలోమీటర్లు కాదు, గంటలు లెక్క. చాలా మోడళ్లకు 250 గంటలకోసారి ఆయిలు మార్చాలి. రైతు వేపచెట్టు కింద బండి ఆపి, ఓ పానా, ఓ బకెట్టు పెట్టుకుని పని కానిచ్చేస్తాడు. వీడియో తీయడు, బెల్లు గుర్తు నొక్కమనడు. అంతకుముందు తరం ఇంకా ఘోరం. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసి, గొట్టంలో పోసి ఎద్దుబండికే వేలాడదీసుకుని, ఇరుసు కిర్రుమన్నచోట దిగి పూసుకునేవాళ్లు. సర్వీసు బుక్కులో స్టాంపు లేకుండా! ఆ బళ్లకు వారంటీ ఎలా నిలిచిందో.

వారంటీ అంటే గుర్తొచ్చింది. అది ఉన్నన్నాళ్లూ రికార్డు కోసం నిందితుడు కూడా బుద్ధిగా సర్వీసు సెంటరుకే వెళ్తాడు. అయినా ఈ విషయంలో సర్కారీ సంస్థలే ఇలాంటివాళ్ల పక్షం చేరడం విచారకరం. విడిభాగాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారంటూ 2014 ఆగస్టులో వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయిస్తే చాలు వారంటీ రద్దన్న గంపగుత్త షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నాం. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా తెరిచింది, అందులో ఫోన్లతోపాటు కార్లూ ఉన్నాయి. జనం ఎక్కడ చూస్తారోనని కంగారుపడ్డాను. మా కాలనీలో వాకబు చేస్తే ఒక్కరికీ దాని పేరు తెలియదు. ప్రజల మీద నా నమ్మకం మళ్లీ కుదురుకుంది.

నిందితుణ్ని నిజంగా ఇరికించగలిగేది ఒకే ఒక్కటి. దించిన పాత ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. కాలువలో పోయకూడదు, మట్టిలో పోయకూడదు, అధికారికంగా నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆ బాధ్యతలో ఆయిలు తయారీదారులకూ వాటా పెట్టారు. కాగితం మీద అంతా ముచ్చటగా ఉంది. మూడు లీటర్ల క్యాను పట్టుకుని ఒంటరి మనిషి ఏ గుమ్మం తొక్కాలన్నది మాత్రం అందులో దొరకలేదు. డాలస్ మేనల్లుడైతే విడిభాగాల దుకాణానికి పట్టుకెళ్లి ఇస్తాడు, వాళ్లు ఊరికే తీసుకుంటారు. ఇక్కడి నిందితుడు క్యాను మూత బిగించి మెట్ల కింద పెట్టుకుని, తెలిసిన షెడ్డువాడు డ్రమ్ముల లెక్కన రీసైక్లింగుకి పంపేరోజు అందులో కలిపేద్దామని ఎదురుచూస్తున్నాడు.

ఆ క్యానుని సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవాలని అసోసియేషన్ మీటింగులో తీర్మానం పెట్టాను. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. తీరా వెళ్లి చూస్తే, సెంట్రింగ్ ప్లేట్లకు పూయాలంటూ పక్క సైటు మేస్త్రీ వాచ్‌మన్‌ని అడిగి సగానికి సగం పట్టుకెళ్లాడట. తలుపు చౌకట్టుకి చెదలు పట్టాయని ఓ సీసాడు ఒంపుకున్నది ఫస్ట్ ఫ్లోర్ అంకుల్, ఉద్యోగం గురించి పరామర్శించినాయనే. మిగిలింది గేటు చక్రాలకు కావాలని సెక్రటరీగారు తీసుకున్నారు, మినిట్స్‌లో రాయొద్దన్నారు. ఖాళీ క్యాను ఎవరిదన్న దానిమీద వాచ్‌మన్‌కీ ఇస్త్రీ అబ్బాయికీ ఇంకా తగువు తెగలేదు. తీర్మానం మాత్రం ఏకగ్రీవం.