'పర్సన్' మాటకు శబ్దంతో చుట్టరికం లేదు

వాట్సాప్‌లోనూ వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లోనూ తెగ తిరుగుతున్న మాట: "లాటిన్‌లో 'పెర్' అంటే గుండా, 'సొనారె' అంటే మోగడం. రోమన్ నటుడి గొంతు మాస్కు గుండా మోగేది కనుక మాస్కుకు 'పెర్సోన' అని పేరొచ్చింది, 'పర్సన్' అందులోంచే పుట్టింది. ఆ మాస్కు మెగాఫోన్‌లా పనిచేసేది. పర్సనాలిటీ అంటే తగిలించుకున్న మొహమే." ఇందులో పెర్సోన అంటే మాస్కు అన్నదీ, పర్సన్ దాన్నుంచి వచ్చిందన్నదీ నిజం. మిగతాది నిలబడదు.

సొనుస్ (శబ్దం), సొనారె, పెర్సొనారె, అన్నిట్లోనూ 'ఒ' హ్రస్వం. పెర్సోనలో దీర్ఘం. దొరకూ దోరకూ తేడా తెలిసిన తెలుగువాళ్లకు ఇది చిల్లర విషయం కాదు. సొనుస్‌లోంచి నిజంగా పుట్టిన కొన్సొనుస్ (కలిసి మోగేది), దిస్సొనుస్ (పొసగక మోగేది)లలో హ్రస్వం చెక్కుచెదరలేదు. (మన 'స్వనం' కూడా ఆ కుటుంబానిదే.) మంచి లాటిన్ నిఘంటువు తీసి చూడండి: అక్షరం నెత్తిన అడ్డగీత ఉంటే దీర్ఘం.

లాటిన్‌లో ఊనిక (పలుకులో బలం) పడిన హ్రస్వ 'ఒ', దాని సంతతి భాషలైన ఇటాలియన్‌లో 'వో', స్పానిష్‌లో 'వే' అవుతుంది. అందుకే 'శబ్దం' ఇటాలియన్‌లో స్వోనో, 'మోగుతుంది' స్పానిష్‌లో స్వేనా. దీర్ఘం మారదు: కొరోనా (కిరీటం) రెండింట్లోనూ కొరోనాయే, పెర్సోనా పెర్సోనాయే. పైగా అది హ్రస్వమే అయ్యుంటే లాటిన్ నియమం ప్రకారం ఊనిక 'పెర్' మీద పడాలి. రెండు భాషల్లోనూ అది నేటికీ 'సో' మీదే ఉంది.

ఈ కథ పాతదే. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమన్ రచయిత ఔలుస్ గెల్లియుస్ దీన్ని గావియుస్ బస్సుస్ అనే పండితుడు చెప్పిన వ్యుత్పత్తిగా ఉటంకించి మెచ్చుకున్నాడు. బస్సుస్‌కూ ఆ దీర్ఘం అడ్డొచ్చింది. పదం రూపం కోసం సాగిందని సర్దిచెప్పాడు. అలా సాగదీసే సూత్రమేదీ లాటిన్‌లో లేదు.

మరి మూలం? ఇటలీలో తార్క్వీనియాలోని 'ఆగర్ల (శకునాలు చూసే పూజారుల) సమాధి' గోడమీద, క్రీ.పూ. 530 ప్రాంతపు చిత్రంలో, మాస్కు వేసుకున్న మనిషి పక్కన ఎట్రుస్కన్ (రోమన్ల పొరుగున ఉన్న పాత ఇటలీ జాతి) లిపిలో 'ఫెర్సు' అని రాసుంది. తలకు గుడ్డ చుట్టిన ఒకడి మీదికి అతను కుక్కను ఉసిగొల్పుతున్నాడు. ఆ మాటే ఎట్రుస్కన్ ప్రత్యయం 'న'తో కలిసి లాటిన్‌లోకి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

మెగాఫోన్ మాటకొస్తే, రంగస్థలం మీద వాడిన రోమన్ మాస్కు ఒక్కటీ మిగల్లేదు. మట్టివి, పాలరాతివి, చిత్రాల్లోవి ఉన్నాయి. వాటితో గొంతు ఎంత పెరిగేదో కొలవలేం.

ఇక తగిలించుకున్న మొహం. ఈ మాట అర్థం మాస్కు దగ్గరే ఆగిపోలేదు. క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే రోమన్ పండితుడు వర్రో వ్యాకరణంలో ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలకు ఈ మాటే వాడాడు. ప్రకృతి మనకు రెండు 'పెర్సోన'లు ఇచ్చిందన్నాడు రోమన్ వక్త సిసెరో: ఒకటి మనుషులందరికీ ఉమ్మడి అయిన వివేకం, రెండోది ఎవరికి వారికే చెందిన స్వభావం.